ఆర్‌డీహెచ్12 ప్రొటీన్: బ్లాట్‌కు సరే, చర్యకు కాదు

మానవ రెటీనాలోని కాంతిగ్రాహక కణాల్లో రెటినాల్డిహైడ్‌ను ఎన్‌ఏడీపీహెచ్ (ఎలక్ట్రాన్లను అందించే సహాయక అణువు) సాయంతో విటమిన్-ఎగా క్షయకరణం చేసే ఆర్‌డీహెచ్12 ఎంజైమును, ఈ.కొలై బాక్టీరియాలో తయారుచేసి హిస్టిడిన్ ట్యాగుతో (శుద్ధికి వీలుగా తగిలించే చిన్న తోక) అమ్ముతున్న రూపంలో, మూడు నెలలుగా వాడుతున్నాను. 316 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్, బరువును బట్టి ప్రొటీన్లను వేరుచేసే జెల్ మీద, ట్యాగు బరువు కలుపుకొని, 35 కిలోడాల్టన్లకు కాస్త పైన స్పష్టమైన గీతగా నిలిచింది. యాంటీబాడీతో ప్రొటీన్‌ను గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో పాజిటివ్ కంట్రోల్‌గా (తప్పక కనిపించాల్సిన నమూనాగా) ఒక్కసారీ నిరాశపరచలేదు.

చిక్కంతా ఎంజైము చర్య దగ్గరే వచ్చింది. రెటినాల్డిహైడ్ పాడవకుండా మసక ఎర్ర దీపం వెలుతురులో అన్నీ కలిపి, చర్య జరిగితే 340 నానోమీటర్ల వద్ద ఎన్‌ఏడీపీహెచ్ శోషణ తగ్గుతుందేమోనని 20 నిమిషాలు కాచుకున్నా గ్రాఫు గీత కదలలేదు. తీరా ప్రొటీన్‌తో వచ్చిన పత్రం తిరగేస్తే, దాన్ని ఉంచిన బఫర్ ద్రావణంలో ప్రొటీన్ మడతలను విప్పేసే యూరియా ఉందన్న సంగతి అడుగున చిన్న అక్షరాల్లో కనిపించింది! కణంలోని పొరకు అంటుకొని పనిచేసే ఎంజైమును యూరియాలో విప్పి ఇస్తూ ఆ మాట ముందే చెప్పకపోవడం అమ్మకందారు లోపమే. చర్యను కొలవదలచినవారు కీటక కణాల్లో తయారై, చర్య పరీక్షించి చూపిన రకాన్నే అడగాలి.