మంగళవారం దవాఖానా, మన డాక్టరా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కోసం మా వదిన, అమ్మ చెరో దారి పట్టారు. హన్మకొండలోనే ఉంటాం.

34 ఏళ్ల వదిన సర్కారు దవాఖానకు పోయింది. 2023 మార్చిలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాల్లో ఉంటాయి, ఉచితం. ఆమెకు వీఐఏ అనే పరీక్ష చేశారు. ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ యాసిడ్ పూసి, నిమిషం ఆగి చూడటమే. తెల్ల మచ్చ తేలితే అనుమానం. ఫలితం అక్కడికక్కడే, బాగుంటే మళ్లీ ఐదేళ్లకు. చేయించుకునేదాకే టెన్షన్.

అమ్మకు 57. ముట్టు ఆగాక చూడాల్సిన భాగం లోపలికి జరుగుతుంది కాబట్టి వీఐఏ అంతగా పనికిరాదన్నారు మా ఫ్యామిలీ డాక్టర్. ముఖద్వారం నుంచి కణాలు తీసి ల్యాబ్‌లో చూసే పాప్ స్మియర్ రాశారు. డబ్బులవుతాయి, రిపోర్టు కోసం ఆగాలి. అసలు తంటా ఇక్కడే. అంతకుముందు చేయించిన రిపోర్టు, మందుల చీటీతో కలిసి, ఫ్రిజ్ మీద పాలిథిన్ కవర్‌లో నాలుగు నెలలు పడి ఉంది. తప్పు మాదే, ఎవరం విప్పలేదు. ఈసారి డాక్టర్ పొడుగు నోట్‌బుక్‌లో అమ్మ పేరు పక్కన నా నంబరు రాసుకున్నారు. పదో రోజు ఫోన్: "రిపోర్టు తేలేదేంటమ్మా?"

వదిన వయసువాళ్లకైతే మంగళవారమే నయం అంటాను. అమ్మకు మాత్రం ఆ నోట్‌బుక్కే.