మొలకొచ్చిన ఆలుగడ్డ: కోసి పెట్టాలా, గడ్డ గడ్డే పెట్టాలా?

దసరా అయిపోతే చాలు, అందరూ ఇదే అడుగుతారు. "అక్కా, వంటింట్లో ఆలుగడ్డలకి మొలకలొచ్చేశాయి, పారేయబుద్ధి కావట్లేదు, ముక్కలు కోసి పెట్టమంటారా, అలాగే పెట్టేయమంటారా?" అని. పోయినేడు హైదరాబాద్‌లో మా డాబా మీద మూడు బ్యాగుల్లో ముక్కలు, మూడు బ్యాగుల్లో గడ్డలు, ఒకేరోజు ఒకే మట్టిలో పెట్టి చూశాను కాబట్టి గట్టిగానే చెప్తాను.

ముక్కలు కోస్తే లాభం ఏంటో మీకు తెలిసిందే, ఒక పెద్ద గడ్డకి మూడు నాలుగు మొక్కలొస్తాయి. రైతులు కోసి పెట్టేది కూడా అందుకే, ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ల విత్తనం కావాలి, ఆ ఖర్చు మామూలుది కాదు. మనకి నాలుగైదు బ్యాగులకి అరకిలో గడ్డలు చాలు, అందులో ఇంకా ఏం మిగుల్చుకుంటాం చెప్పండి?

నా దృష్టిలో అసలు తేల్చేది కుళ్ళు. కోసిన చోట గాయం మానాలి, దాని మీద పొర కట్టాలి, అది చల్లగా ఉంటే బాగా జరుగుతుంది. మనకి అక్టోబర్‌లో పగలు ముప్పై దాటి ఎండ, మధ్యమధ్యలో వాన, మట్టి వెచ్చగా తడిగా ఉంటుంది. ముక్క కుళ్ళడానికి ఇంతకన్నా ఏం కావాలి. నేను పెట్టిన నాలుగో రోజు పెద్ద వాన పడింది. పన్నెండో రోజుకి గడ్డల బ్యాగుల్లో ముదురాకుపచ్చ ఆకులు ముడుచుకుని పైకొస్తున్నాయి, ముక్కలు పెట్టిన మూడింట్లో రెండింట్లో ఏమీ లేదు. వేలితో తవ్వి చూస్తే ముక్క జిగురులాగా చేతికంటుకుంది, ఒకటే కంపు, చుట్టూ చీమలు. పక్క బ్యాగులో గడ్డని తవ్వితే తోలు బిగువుగా అలాగే ఉంది, మొలక మొదట్లో తెల్లటి వేళ్ళు దారాల్లాగా దిగి ఉన్నాయి. ఆ తేడా చూశాక నాకైతే ఇంక అనుమానం లేదు.

ఇంకోటి, కత్తి. ఒక గడ్డలో ఎండుతెగులు బాక్టీరియా ఉంటే అదే కత్తితో కోసిన మిగతా వాటికీ అంటుతుంది. కూరకోసం అమ్మే గడ్డలు విత్తనం కోసం పరీక్ష చేసినవి కావు కదా. ఆ తెగులు టమాటా, వంకాయ, మిర్చికి కూడా వస్తుంది, అందుకే బజారు గడ్డల్ని నేలలో పెట్టొద్దు, బ్యాగులోనే పెట్టండి, ఆ మట్టిని మళ్ళీ వాటికి వాడొద్దు.

ముక్కల వైపు కూడా ఒక మాట చెప్పాలి. బతికిన ఆ ఒక్క బ్యాగులో గడ్డలు తక్కువే గానీ పెద్దగా ఊరాయి, ఎందుకంటే కాడలు ఒకటో రెండో వస్తాయి. గడ్డ గడ్డే పెడితే నాలుగైదు కాడలొచ్చి ఎక్కువ ఊరతాయి కానీ చిన్నవి. వేపుడికి నాకు చిన్నవే ఇష్టం.

మీ దగ్గర ఉన్నవి పెద్ద గడ్డలే అయితే కోయక తప్పదు, అప్పుడు నవంబర్ దాకా ఆగండి. పై కొస దగ్గరే కళ్ళు, అంటే మొలకలొచ్చే చిన్న గుంటలు, ఎక్కువుంటాయి కాబట్టి అడ్డంగా కాకుండా నిలువుగా కోసి, ముక్కకి రెండు కళ్ళైనా ఉండేలా చూసి, బూడిద అద్ది, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి పెట్టండి, పెట్టగానే నీళ్ళు కుమ్మరించొద్దు.

తొక్కలు పెడితే వస్తాయా అంటే మందంగా తీస్తే వస్తాయి, బలం ఉండదు. విత్తనపు గడ్డ దొరికితే అన్నిటికన్నా మంచిదే, కిలో రెండు కిలోలు ఇచ్చేవాళ్ళు దొరకాలిగా.

ఏది పెట్టినా ఫిబ్రవరిలో మాత్రం పెట్టొద్దు. రాత్రిళ్ళు ఇరవై డిగ్రీల లోపు ఉంటేనే గడ్డ బాగా ఊరుతుంది, లేకపోతే ఆకులే. జహీరాబాద్ వైపు రైతులు కూడా చలికాలం పంటగానే వేస్తారు.

ఇప్పుడు చేయాల్సింది, కోడిగుడ్డంత గడ్డల్ని ఏరి, గుడ్ల ట్రేలో కళ్ళు పైకుండేలా పేర్చి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. చీకట్లో వచ్చే పొడుగు తెల్ల మొలక పట్టుకుంటే విరిగిపోతుంది, వెలుతురులో పొట్టిగా, లావుగా వస్తుంది. గడ్డ పచ్చబడితే కూరకి వాడకండి, విత్తనానికి మాత్రం ఏం ఫర్వాలేదు.