చింతపండు: సంతలో ఏడాదికి ఒకేసారా, కిరాణాలో నెలనెలానా?

ఫాల్గుణం వచ్చిందంటే మా అప్ప ఫోను ఖాయం. "చింతపండు ఇప్పుడే కొనేయమంటావా, నెలనెలా తెచ్చుకోమంటావా?" మా వీధిలోవాళ్లదీ అదే ప్రశ్న. ఈ ఏడు శ్రీకాకుళం నుంచి పాలకొండ మీదుగా సీతంపేట సంతకి వెళ్లి మరీ కొన్నాను కాబట్టి నా లెక్క చెప్తాను.

మాఘం నుంచి చైత్రం దాకా కొత్త పండు దిగుతుంది, చవకా అప్పుడే. అయితే ఏటా ఒకేలా ఉండదు. చింతచెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. కాయ ఎండే వేళకి వాన పడిందా, పండు నల్లబడుతుంది. ఏజెన్సీలో కాపు తగ్గితే బయటి సరుకే దిక్కు, దానికి లారీ కిరాయి తోడు. నెలనెలా కొనేవాళ్లకి ఈ ఎగుడుదిగుళ్లన్నీ తగులుతాయి. కాకపోతే ఒకేసారి పెద్ద మొత్తం పెట్టక్కర్లేదు, దాచే బాధా లేదు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నా మటుకు తేల్చేది పిక్క. సంతలో పెంకు తీసి, పిక్కతోనే అమ్ముతారు. కిరాణాలో పిక్క తీసినది. ఈ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి "సంతలో సగానికి సగం చవక" అనేస్తాం. పిక్కతో ఉన్న కిలోలో మూడో వంతుకి పైగా పిక్కలే, ఈనెలు కూడా పోతే చేతికొచ్చే గుజ్జు ఆరువందల గ్రాములు. అంటే పిక్కతో కిలో 100 రూపాయలైతే, గుజ్జు కిలో సుమారు 167 పడ్డట్టు. కిరాణా ధరని ఆ 167తో పోల్చాలి, వందతో కాదు. తేడా ఇరవై ముప్పై రూపాయలే అయితే బస్సు ఛార్జీ, రెండు మధ్యాహ్నాల చాకిరీ లెక్కేసుకుని ఊళ్లోనే కొనుక్కోండి. ఏడాదికి రెండు మూడు కిలోలు వాడే ఇల్లయితే అసలు ఆలోచించనే వద్దు.

అయినా నా మొగ్గు సంతకే. పిక్కతో ఉన్నప్పుడు పండు కొత్తదో పాతదో విప్పి చూసుకోవచ్చు. ముద్ద చేసి కవర్లో కట్టాక లోపల ఏముందో దేవుడికెరుక. తెచ్చినది రెండెండలు పెట్టి, పిక్క తీసి, కల్లుప్పు చల్లుతూ జాడీలో నొక్కేయాలి. వానలు మొదలయ్యేలోపు ఈ పని అయిపోవాలి, మన సముద్రపు గాలికి చెమ్మ పట్టిందంటే జిగురు తేలి నల్లబడుతుంది. పిక్కలు పారేయకండి, కొనేవాళ్లుంటారు. మా ఇంట్లో పిల్లలు అందులో సగం చింతపిక్కలాటకి ఎత్తుకుపోయారు.

జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణం దగ్గర్లో ఉంటే అదీ మంచిదే, గిరిజనుల దగ్గర కొన్న సరుకు. దొరికినప్పుడు తీసుకోండి.

ఎండుమిర్చి సంగతి వేరు. గుంటూరు యార్డుకి కొత్త పంట దండిగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మిగిలింది కోల్డ్ స్టోరేజీకి పోతుంది. అక్కడ రంగు నిలుస్తుంది, మన డబ్బాలో నిలవదు. అందుకే ఆరు నెలల కారం మాత్రం ఎండాకాలంలో ఆడించుకుని, మిగతాది తర్వాత కొంటాను. ధనియాలు, జీలకర్ర నెలనెలానే.

ఈ ఏడు ఎనిమిది కిలోలు తెచ్చాను, ఐదుకి కాస్త తక్కువ గుజ్జొచ్చింది. అప్పకి ఇదంతా చెప్తే, "సరేలేవే, నా వాటా కూడా నువ్వే తెచ్చి పిక్క తీసి పంపు" అంది.