తాగిన కుర్రాడా, నిద్రమత్తు డ్రైవరా?
నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ఎవరిని చూసి ఎక్కువ భయపడాలి? మందు తాగి బైకెక్కిన కుర్రాడినా, తెల్లవారుజామున కునికిపాట్లు పడుతున్న లారీ డ్రైవర్నా?

కుర్రాణ్ణి పట్టుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

నిద్ర ఊదితే తెలిసేది కాదు. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం సుమారు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. తాగినవాడు ఆలస్యంగానైనా బ్రేక్ వేస్తాడేమో, నిద్రపోయినవాడు వెయ్యనే వెయ్యడు. నాకు లారీ అంటేనే ఎక్కువ భయం. అయినా ఆ డ్రైవరు మీద కోపం రాదు, టైముకి లోడు చేర్చాలన్న టెన్షన్ అతనిది. సింగరాయకొండ దగ్గర బండి ఆపి కాసేపు పడుకోనివ్వండి, ఓనర్లూ.