భయమా, చనువా, మాటా? పిల్లలు ఏ నాన్నను గౌరవిస్తారు?

మా అనంతపురం పల్లెల్లో "నాయనంటే బయముండాల" అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. మా పెదనాయన అట్లాంటి మనిషి. ఆయన స్కూటర్ చప్పుడు సందు మొదట్లో వినపడితే చాలు, ఇంట్లో టీవీ ఆగిపోయేది, పుస్తకాలు తెరుచుకునేవి. ఆ ఇంట్లోనే మా అన్న పదో తరగతిలో లెక్కలు తప్పి, ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తనే పెట్టుకున్నాడు. ట్యూషన్ పెట్టించాల్సిన రోజుల్లో వాడి కష్టం ఎవరికీ తెలియలేదు. పబ్లిక్ పరీక్షలోనూ తప్పాడు. భయం పని చేయదని అనను. తండ్రి ఎదురుగా ఉన్నంతసేపు చేస్తుంది.

ఇప్పటి నాన్నలు చాలామంది స్నేహితుల్లా ఉంటామంటారు. పిల్లలు మనసు విప్పి మాట్లాడతారు, అది చిన్న లాభం కాదు. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు బండి తాళం అడిగితే వద్దనలేని చనువు ప్రమాదం. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. తాళం ఇచ్చిన చెయ్యి నాన్నదే కదా.

మా నాయన తీరు వేరు. ఉన్నదున్నట్టు చెప్పి, ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. ఒక ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ఆగిపోయింది. కాయ పట్టలేదు, పశువుల మేతకు ఎండు కట్టె మాత్రం మిగిలింది. ఆ రాత్రి ఆయన మమ్మల్ని కూర్చోబెట్టుకుని లెక్కల పుస్తకం తెరిచాడు. విత్తనానికి ఎంత తెచ్చాడో, ఎరువుకు ఎంతయిందో వరసగా చదివాడు. "నీకు సైకిలు కొంటానంటి. ఈ యేడు కొనలేను రా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది గానీ కోపం రాలేదు. రెండేళ్లకు, నేను మళ్లీ అడగకముందే, పాత సైకిలు ఒకటి తెచ్చాడు. ఆ తర్వాత ఆయన వద్దన్న పని చేయడానికి నాకు మనసొప్పేది కాదు.

1960లలో అమెరికాలో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త పెంపకాన్ని మూడు తీరులుగా విడదీసింది: శాసించడం, వదిలేయడం, హద్దు పెట్టి కారణం చెబుతూ ఆప్యాయంగా నడపడం. మూడో తీరులో పెరిగిన పిల్లలకే సొంత కాళ్ల మీద నిలబడే గుణం, నిగ్రహం ఎక్కువని ఆమె గమనించింది. మా నాయనకు ఆ పేరు తెలియదు.

ఇంట్లో ఉండే వీలే లేని నాన్నలూ ఉన్నారు. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి పిల్లల్ని జేజి (అవ్వ) దగ్గర వదిలి గుంటూరుకు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతారు. అంత దూరం నుంచి కన్నెర్ర చేసి లాభం లేదు. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తానంటే ఎనిమిదికే చేయాలి. నా ఓటు మాటకే పడటానికి ఇదే పెద్ద కారణం. దూరం నుంచీ పని చేసేది అదొక్కటే.

మొన్న మా వాడు నా ఫోన్ అద్దం పగలగొట్టి, తనే వచ్చి చెప్పాడు. నా చెయ్యి లేచింది. పెదనాయన గుర్తొచ్చి దించుకున్నాను. రిపేరుకు ఎంతవుతుందో, ఈ నెల ఏ ఖర్చు ఆపాలో ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేశాం.