పేపర్ ఇటుకల ప్రెస్ కొనొచ్చా?

చిత్తు కాగితాలు నానబెట్టి, కట్టెలకు బదులు కాల్చుకునే ఇటుకల్లా నొక్కే ఇనుప ప్రెస్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, నేను కొన్నప్పుడు రెండు వేలకు కాస్త తక్కువ పడింది. కంపెనీ ఏదైనా తయారీ దాదాపు ఒకటే, అడుగున చిల్లులున్న పెట్టె, పైన ఒక పలక, రెండు వైపులా పిడులు. మదనపల్లెలో మా ఇంట్లో స్నానాలకు ఇంకా రాగి బాయిలరే వాడతాం, కట్టెల రేటు చూసి దీన్ని తెప్పించాను. ఐదుకి మూడు స్టార్లు ఇస్తాను.

పని కష్టం కాదు గానీ చేతులంతా గుజ్జే. కాగితాలు చింపి రాత్రంతా బకెట్లో నానబెట్టి, మెత్తగా పిసికి, పెట్టెలో నింపి మన బరువంతా వేసి నొక్కాలి. గంజి, మైదా లాంటివేమీ అక్కర్లేదు, కాగితంలోని నారే పట్టుకుంటుంది. సామిల్లు నుంచి కాస్త రంపపు పొట్టు తెచ్చి కలిపితే మాత్రం తేడా తెలుస్తుంది, ఉత్త కాగితం ఇటుక పైన నల్లబడి లోపల మగ్గుతూ ఉంటుంది.

అసలు తలనొప్పి ఎండబెట్టడం. వేసవిలో మిద్దె మీద పెడితే చక్కగా ఎండుతాయి, వానల్లో చేస్తే బూజు పడతాయి. పైకి ఎండినట్టున్నా లోపల తడి ఉంటే నిప్పు వేడిలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోయి మనకు పొగ మిగులుతుంది. అందుకే చలికాలానికి కావలసినవి ఏప్రిల్, మే నెలల్లోనే చేసి పెట్టుకోవాలి.

డబ్బా మీద ఒక్కో ఇటుక రెండు గంటలు కాలుతుందని రాశారు. బాయిలర్ గొట్టంలో గాలి లాగుడు ఎక్కువ, అక్కడ అంతసేపు నిలవదు. నేరుగా అంటుకోదు కూడా, ముందు పుల్లలతోనో కొబ్బరి మట్టలతోనో మంట వేసి, అది నిలిచాక పెట్టాలి. బూడిద కట్టెలకంటే బాగా ఎక్కువ, తరచూ దులపకపోతే గాలి ఆడదు. నున్నటి మ్యాగజైన్ కాగితానికి తెల్ల మట్టి పూత ఉంటుంది కాబట్టి వాటితో ఇంకా ఎక్కువ.

న్యూస్‌పేపర్లతో చేయాలనుకుంటే మాత్రం ఒకసారి లెక్క వేసుకోండి, వాటికి పాత పేపర్ల వాళ్లు కిలోకి ఇంతని డబ్బులిస్తారు, ఇంత చాకిరీ చేసి కాల్చుకోవడం దేనికి? ఎవరూ కొనని తడిసిన అట్టపెట్టెలు, చిరిగిన కోడిగుడ్ల ట్రేలు, చిత్తు నోట్సు, వీటికైతే ప్రెస్ పనికొస్తుంది. అట్టల మీది టేపు పీకేయండి. పాల కవర్లు, థర్మాకోల్, టీ తాగి పడేసే పేపర్ కప్పులు ఇందులో వేయొద్దు, ఆ కప్పులకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఆ పొగ పీల్చేది మన ఇంట్లోవాళ్లే.

ఒక స్టార్ పోయింది పిడి వల్లే. కొన్ని నెలలకే రివెట్ వదులై ఊగడం మొదలుపెట్టింది, అడిగితే అది వారంటీలోకి రాదన్నారు. వెల్డింగ్ షాపులో బోల్టు వేయించాను. ఆయన దాన్ని తిప్పి చూసి, ఇంతకంటే మందం రేకుతో నేనే చేసిస్తా కదా సార్ అన్నాడు. మీ ఊళ్లో అలాంటి షాపుంటే ముందు అక్కడ అడగండి.