ఏథెన్స్, స్పార్టా, రోమ్: ఆడవాళ్లకు ఏది నయం?

పాత గ్రీకు, రోమన్ చరిత్ర మాటల్లోకి వస్తే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: ఆ కాలంలో ఆడపిల్లగా పుట్టాల్సి వస్తే ఎక్కడ నయం? ఎక్కువమంది స్పార్టా అంటారు. నేను రోమ్ అంటాను. బానిస స్త్రీలకు మూడుచోట్లా నరకమే కాబట్టి, ఇది పౌర కుటుంబాల ఆడవాళ్ల సంగతి.

నేను ముందు చూసేది ఆస్తి. మొగుడితో పడకపోతే ఆమె చేతిలో ఏం మిగులుతుంది?

ఏథెన్స్‌లో దాదాపు ఏమీ మిగలదు. పదిహేనేళ్లు నిండకుండానే పెళ్లి. ఒక మెడిమ్నోస్, అంటే సుమారు 50 లీటర్ల బార్లీ విలువ దాటిన బేరం సొంతంగా చేయకూడదు. అన్నదమ్ములు లేని పిల్లనైతే తండ్రి ఆస్తితో సహా తండ్రి వైపు దగ్గరి బంధువు పెళ్లాడొచ్చు. విడాకులైతే కట్నం తిరిగి ఇవ్వాలి, లేదంటే ఏడాదికి 18 శాతం వడ్డీ. మన లెక్కలో నూటికి రూపాయిన్నర. గట్టి రూలే, కానీ ఆ డబ్బు చేరేది పుట్టింటి మగవాళ్లకి.

స్పార్టా మీద ఇష్టం ఎందుకో నాకూ తెలుసు. ఆడపిల్లలు పరుగు, కుస్తీ నేర్చుకునేవాళ్లు. పెళ్లి కాస్త ఆలస్యంగా, 18 ఏళ్ల ప్రాంతంలో. రాజు చెల్లెలు కినిస్కా గుర్రాలు క్రీ.పూ. 396, 392ల్లో ఒలింపియా రథపందెం గెలిచాయి. భూమిలో ఐదింట రెండు వంతులు ఆడవాళ్లదేనని అరిస్టాటిల్ ఫిర్యాదు చేశాడు. కానీ ఆ భూమి దున్నింది హెలాట్లు, అంటే స్పార్టా చేతిలో బానిసల్లా బతికిన జనం. పైగా స్పార్టా గురించి మనకు తెలిసింది చాలావరకు బయటివాళ్ల రాతల నుంచే.

రోమ్‌లో అలా కాదు, ఆడవాళ్ల పేర్లు గోడల మీదే కనిపిస్తాయి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన రోమన్ పట్టణం పాంపేలో ఒక టు-లెట్ ప్రకటన దొరికింది. స్నానశాల, దుకాణాలు, మేడ మీద గదులు, ఆగస్టు 13 నుంచి ఐదేళ్లకు అద్దెకు. యజమాని స్పూరియస్ కూతురు జూలియా ఫెలిక్స్. భర్త పేరు ఎక్కడా లేదు. అప్పటికి మామూలైన పెళ్లి పద్ధతిలో భార్య ఆస్తి భర్త ఆస్తిలో కలవదు. విడాకులు ఆమె కూడా ఇవ్వొచ్చు. క్రీ.పూ. 42లో 1,400 మంది ధనిక స్త్రీల మీద పన్ను వేస్తే, వాళ్లలో ఒకరైన హోర్టెన్సియా ఫోరంలో, అంటే రోమ్ నడిబొడ్డున ఉన్న బహిరంగ సభాస్థలంలో నిలబడి వాదించింది. పన్ను కట్టాల్సిన వాళ్ల సంఖ్య 400కి తగ్గింది. వాళ్ల పేర ఆస్తి ఉంది కాబట్టే కదా పన్ను వేయాలనిపించింది!

 

రోమ్‌లోనూ ఓటు లేదు. తండ్రి లేని స్త్రీకి పెద్ద లావాదేవీలకు సంరక్షకుడి సమ్మతి కావాలి. ముగ్గురు పిల్లల్ని కంటే అగస్టస్ చక్రవర్తి చట్టం ఆ అవసరం తీసేసింది. నన్ను బాధపెట్టేది మాత్రం ఇంకోటి: విడిపోతే ఆస్తి ఆమె వెంట వస్తుంది, పిల్లలు మాత్రం చట్టప్రకారం తండ్రి వాళ్లే.